ఫ్యాక్ట్‌చెక్ సంస్థ తక్కెడ సరిగ్గా ఉందా? మీరే తూచి చూసుకునే పద్ధతి

కుటుంబ వాట్సాప్ గ్రూపులో వాదన ఎక్కడికొచ్చి ఆగుతుందో మీకూ తెలుసు. బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెడతాడు. "అది అబద్ధం బాబాయ్, ఇదిగో ఫ్యాక్ట్‌చెక్" అని అన్నయ్య కొడుకు లింకు పెడతాడు. బాబాయ్ లింకు తెరవడు. "వాళ్ల మాటకేముందిరా, వాళ్లు ఫలానా పార్టీ మనుషులు" అనేస్తాడు. తర్వాత గుడ్ మార్నింగ్ మెసేజీలు మొదలవుతాయి.

బాబాయ్ అన్నది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఫలానా సంస్థ మంచిది, ఫలానాది పనికిరాదు అన్న పట్టిక ఇందులో ఉండదు. నేనిచ్చినా దాన్ని మీరెందుకు నమ్మాలి? ఒక ఆదివారం నాలుగైదు గంటలు కేటాయిస్తే ఏ సంస్థనైనా మీరే పరీక్షించుకోవచ్చు.

## 1. మొదలుపెట్టే ముందు

ఫోన్‌లో ఈ పని సాగదు. కంప్యూటర్ ముందు కూర్చోండి. గూగుల్ షీటు ఒకటి తెరిచి ఈ గడులు పెట్టుకోండి:

- వ్యాసం తేదీ
- క్లెయిమ్, అంటే పరిశీలిస్తున్న వాదన, ఎవరు చేశారు (నాయకుడా, పార్టీ ఖాతానా, పేరులేని ఫార్వర్డా)
- ఆ క్లెయిమ్ నిజమైతే ఎవరికి లాభం
- సంస్థ ఆ క్లెయిమ్‌ని ఏ మాటల్లో రాసింది
- అసలు పోస్టు లింకు ఇచ్చిందా
- ఎన్ని ఆధారాలు చూపింది, అవి ఎవరివి
- ఇచ్చిన తీర్పు
- శీర్షిక ఆ తీర్పుకి తగ్గట్టే ఉందా

తర్వాత షీటు పైన మీ గురించి రెండు వాక్యాలు రాయండి. ఏ పార్టీ అంటే మొగ్గు, ఏ నాయకుణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది, ఈ సంస్థ మీద ఇప్పటికే ఏమనుకుంటున్నారు. ఎవరికీ చూపించక్కర్లేదు. చివర్లో మీరు తేల్చిన మాట ఈ రెండు వాక్యాలకి అచ్చంగా అద్దంలా ఉంటే, ఎక్కడో చెయ్యి జారిందని మీకే అనుమానం రావాలి.

ఇంకొకటి. "ఈ సంస్థను నమ్మొచ్చా?" అన్న ప్రశ్న మరీ పెద్దది. "వైరల్ ఫోటోల విషయంలో నమ్మొచ్చా?", "బడ్జెట్ లెక్కల విషయంలో?", "మందులు, చిట్కాల విషయంలో?" అని విడగొట్టండి. పాత వీడియోలు పట్టుకోవడంలో చెయ్యి తిరిగినవాళ్లు కాగ్ (ప్రభుత్వ లెక్కల ఆడిట్ సంస్థ) నివేదిక చదవడంలో తడబడొచ్చు.

## 2. ఇది ఏ రకం సంస్థో ముందు తేల్చండి

ఫ్యాక్ట్‌చెక్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. దానికి లైసెన్సు లేదు, రిజిస్ట్రేషనూ లేదు. కాబట్టి పేరు చూసి కాకుండా వెనకున్నది ఎవరో చూసి నాలుగు బుట్టల్లో ఒకదాంట్లో వేయండి.

మొదటిది, ఫ్యాక్ట్‌చెక్ కోసమే పుట్టిన సంస్థలు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, అహ్మదాబాద్‌లో మొదలైన ఆల్ట్ న్యూస్, ముంబై బూమ్ ఈ కోవలోవి. రెండోది, పెద్ద మీడియా గ్రూపుల డెస్కులు. ఇండియా టుడే ఫ్యాక్ట్‌చెక్, జాగరణ్ గ్రూపు నడిపే విశ్వాస్ న్యూస్ ఇలాంటివి. వీటిని చూసేటప్పుడు అదే గ్రూపు టీవీ చానల్‌లోనో పత్రికలోనో వచ్చిన తప్పుడు వార్తను ఆ డెస్కు ఎప్పుడైనా పట్టుకుందా అన్నది ప్రత్యేకంగా వెతకండి. సొంతింటి తప్పు పట్టుకున్న వ్యాసం ఒక్కటి దొరికినా ఆ డెస్కుకి నేను మంచి మార్కులేస్తాను.

మూడోది ప్రభుత్వ యూనిట్లు. కేంద్రానికి సమాచార విభాగమైన పీఐబీ 2019లో మొదలుపెట్టిన పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2020లో కొవిడ్ సమయంలో ఒక ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైటు తెరిచింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో తనదీ తెరిచింది. నకిలీ ఉద్యోగ ప్రకటనలు, దొంగ జీవోలు, లేని పథకాల లింకులు తేల్చడానికి ఇవి పనికొస్తాయి, ఎందుకంటే అసలు కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది. ప్రభుత్వం మీద వచ్చిన ఆరోపణ నిజమా కాదా అన్నచోట మాత్రం ఇవి కక్షిదారులు. వాళ్ల మాటని వివరణగా తీసుకోండి, తీర్పుగా కాదు.

సొంత కాగితం విషయంలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఇంటెలిజెన్స్ బ్యూరో ఉద్యోగాల కోసం ఇచ్చిన అసలు ప్రకటననే 2020లో పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఫేక్ అంది. ఈ యూనిట్‌కి చట్టబద్ధమైన అధికారం ఇవ్వాలని కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు మార్చింది. 2024 మార్చి 20న నోటిఫై చేస్తే మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బాంబే హైకోర్టులో ఇద్దరు జడ్జీల తీర్పులు చీలి, మూడో జడ్జి అభిప్రాయం తర్వాత, అదే ఏడాది సెప్టెంబరులో, ఆ సవరణ కొట్టుడుపోయింది. తన గురించిన వార్త నిజమో కాదో ప్రభుత్వమే తేల్చడమేమిటన్నది అక్కడ ప్రధానమైన అభ్యంతరం.

నాలుగోది, పార్టీల సోషల్ మీడియా విభాగాలు "ఫ్యాక్ట్‌చెక్" అన్న ముద్ర కొట్టి వదిలే పోస్టులు. వీటి కోసం ఆదివారం పాడు చేసుకోకండి.

మొదటి రెండు బుట్టల్లోవాటికే కింది అంచెలు పూర్తిగా వర్తిస్తాయి.

## 3. మనుషులెవరు, డబ్బెవరిది

సైటు అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది. చాలాసార్లు అది బ్రాండు పేరుకి వేరుగా ఉంటుంది. ఆల్ట్ న్యూస్ వెనక ప్రావ్దా మీడియా ఫౌండేషన్ ఉన్నట్టు. ఆ పేరుని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో కొడితే ఎప్పుడు నమోదైంది, డైరెక్టర్లు ఎవరు, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీయా మామూలు ప్రైవేటు కంపెనీయా అన్నది తెలుస్తుంది. కొద్దిపాటి రుసుము కడితే వార్షిక లెక్కల పత్రాలు కూడా చూడొచ్చు.

డైరెక్టర్ల పేర్లు ఒక్కొక్కటీ వెతకండి. ఎవరైనా పార్టీ పదవిలో ఉన్నారా? ఎన్నికల్లో నిలబడ్డారా? పార్టీలకి ప్రచారం చేసిపెట్టే కన్సల్టెన్సీ నడుపుతున్నారా? మూడోది మన రెండు రాష్ట్రాల్లో తప్పకుండా చూడాల్సిన విషయం.

ఉద్యోగం మారితే ఆ తేదీ కూడా రాసుకోండి. తమిళనాట యూటర్న్ అనే ఫ్యాక్ట్‌చెక్ సంస్థను నడిపిన ఐయన్ కార్తికేయన్‌ని 2023లో అక్కడి ప్రభుత్వం తన ఫ్యాక్ట్‌చెక్ యూనిట్‌కి మిషన్ డైరెక్టర్‌గా నియమించింది. ఇలాంటప్పుడు పాత పనంతా పక్షపాతమే అని తేల్చేయడం తొందరపాటు, పట్టించుకోకుండా వదిలేయడం అమాయకత్వం. ఆ తేదీకి ముందు ఆరు నెలల వ్యాసాలు, తర్వాత ఆరు నెలల వ్యాసాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక డబ్బు. మన దేశంలో చాలా ఫ్యాక్ట్‌చెక్ సంస్థలకి మెటా ఇచ్చే సొమ్ము ముఖ్యమైన ఆదాయం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో తిరిగే పోస్టుల్ని పరిశీలించే పనికి 2016 డిసెంబరు నుంచి ఆ కంపెనీ బయటి సంస్థలకి చెల్లిస్తోంది. 2025 జనవరిలో అమెరికా వరకు ఆ ఏర్పాటు ఎత్తేస్తున్నట్టు చెప్పింది.

ఇందులో మనకు కావాల్సిన కిటుకు వేరే ఉంది. మెటా నిబంధనల ప్రకారం రాజకీయ నాయకులు స్వయంగా పెట్టే పోస్టులు ఈ పథకం కిందికి రావు. అంటే పేరులేని ఫార్వర్డ్‌ని పరిశీలిస్తే మెటా డబ్బిచ్చే పనిలో లెక్కకొస్తుంది, మంత్రి పోస్టులోని అబద్ధాన్ని పరిశీలిస్తే రాదు. ఒక సంస్థ వ్యాసాల్లో పాత వీడియోలు, ఎడిట్ చేసిన ఫోటోలే కనిపించి, నాయకుల మాటలు దాదాపు కనిపించకపోతే దానికి కారణం పార్టీ మొగ్గు కాకుండా జీతాలు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది కావచ్చు. మీ శాంపిల్‌లో (దాన్ని ఏరే పద్ధతి 5వ అంచెలో ఉంది) నాయకుల మాటల మీద ఎన్ని వ్యాసాలున్నాయో విడిగా లెక్కపెట్టండి.

## 4. ఐఎఫ్‌సీఎన్ ముద్రని చదవడం

అమెరికాలోని పోయింటర్ ఇన్‌స్టిట్యూట్ కింద 2015లో ఏర్పడ్డ అంతర్జాతీయ ఫ్యాక్ట్‌చెకింగ్ నెట్‌వర్క్‌నే పొట్టిగా ఐఎఫ్‌సీఎన్ అంటారు. దాని నియమావళికి ఐదు మూలస్తంభాలు: పక్షం వహించకపోవడం, ఆధారాలు బయటపెట్టడం, డబ్బు లెక్క చెప్పడం, పనిచేసే పద్ధతి చెప్పడం, తప్పులు బాహాటంగా దిద్దుకోవడం.

సైటు కింద లోగో ఉందని ఆగిపోకండి. లోగో బొమ్మని ఎవరైనా అతికించుకోవచ్చు. ఐఎఫ్‌సీఎన్ సైటుకే వెళ్లి సభ్యుల జాబితాలో ఆ సంస్థ పేరు ఇప్పుడు ఉందా, గడువు దాటిందా చూడండి. అక్కడే బయటి పరిశీలకుడు రాసిన నివేదిక దొరుకుతుంది. ఎక్కువమంది దీన్ని తెరవరు, అసలు సరుకంతా అందులోనే ఉంటుంది. ఏ అంశం దగ్గర పరిశీలకుడు నసిగాడు, ఏది మార్చమన్నాడు అన్నది చదివి, ఆ మార్పు ఈరోజు సైటులో కనిపిస్తోందా అని సరిచూసుకోండి.

నియమావళిలో మీరు నేరుగా వాడుకోగల కొలతలు కొన్ని:

- కిందటి ఏడాది ఆదాయంలో 5 శాతం, అంతకు మించి ఇచ్చిన ప్రతి దాత పేరూ సైటులో ఉండాలి.
- క్లెయిమ్‌లోని ముఖ్యాంశాలకి వీలైనచోటల్లా ఒకటికి మించి ఆధారాలు, పేర్లతో సహా ఉండాలి.
- ఒకే తరహా క్లెయిమ్‌కి, ఎవరు చేసినా, ఒకే కొలబద్ద వాడాలి.
- ఏ పార్టీకీ అభ్యర్థికీ మద్దతు ప్రకటించకూడదు.

ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి వ్యాసమూ సరైనదని కాదు, అది పద్ధతికి ఇచ్చిన ధ్రువపత్రం మాత్రమే. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లంతా ఎలా నడుపుతారో మన రోడ్లమీద చూస్తూనే ఉన్నాం. ముద్ర లేనంత మాత్రాన దొంగ సంస్థ అనీ కాదు. చిన్న బృందాలు చాలావరకు దరఖాస్తే చేసుకోవు.

## 5. ముప్ఫై వ్యాసాలు ఏరడం

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. నేనూ పడ్డాను. ఒక సంస్థ ఎక్స్ ఖాతాలో వరసగా ఇరవై పోస్టులు చూసి, ఒకే పార్టీని వేటాడుతోందని తేల్చేసి, నలుగురికీ చెప్పాను కూడా. తర్వాత సైటు తెరిస్తే అదే వారంలో రెండోవైపు మీద కూడా దాదాపు అన్నే ఉన్నాయి. ఎక్స్‌లో ఎక్కువ షేర్లు వచ్చిన వాటినే మళ్లీ మళ్లీ పెట్టడంవల్ల, నాకు కనిపించింది సంస్థ ఎంపిక కాకుండా జనం ఎంపిక. చెప్పిన నలుగురికీ మళ్లీ ఫోన్ చేయాల్సొచ్చింది.

కాబట్టి హోమ్‌పేజీ వద్దు, సోషల్ మీడియా వద్దు. సైటులో తేదీలవారీ పాత పేజీల్లోకి వెళ్లండి. మూడు రకాల వారాలు ఎంచుకుని వారానికి పది చొప్పున తీసుకోండి:

- ఎన్నికల వారం. మనకైతే 2024 మే 13 చుట్టూ ఉన్న రోజులు సరిగ్గా సరిపోతాయి. ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకీ, తెలంగాణలో లోక్‌సభకీ ఆరోజే పోలింగ్.
- విపత్తు వారం. విజయవాడనీ ఖమ్మాన్నీ వరద ముంచిన 2024 సెప్టెంబరు మొదటివారం లాంటిది.
- ఏమీ జరగని మామూలు వారం.

ఒక్కో వారంలో మీకు నచ్చినవి ఏరకండి. జాబితాలో ప్రతి మూడోది తీసుకోండి. చప్పగా ఉన్నా సరే, వదలకండి. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసే సంస్థ అయితే రెండు భాషల్లోంచీ తీసుకోండి. ఇంగ్లిషు వ్యాసంలో ఉన్న జాగ్రత్త మాటలు తెలుగులోకి వచ్చేసరికి రాలిపోవడం మామూలే. "ఆధారాలు లభించలేదు" అన్నది "పచ్చి అబద్ధం" అయి కూర్చుంటుంది.

ముప్ఫైకీ షీటులో గడులు నింపండి. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు చాలు. నింపుతున్నప్పుడే అభిప్రాయాలు ఏర్పరచుకోకండి.

## 6. ఐదింటిని మీ చేత్తో మళ్లీ చేయండి

అన్నిటికంటే విలువైన అంచె ఇదే. టైం లేదనుకుంటే మిగతావి వదిలి ఇదొక్కటి చేసినా ఫరవాలేదు.

ముప్ఫైలోంచి ఐదు తీసుకోండి. మీకు సంతోషం కలిగించినవి రెండు, చిరాకు పుట్టించినవి రెండు, ఏ భావమూ కలిగించనిది ఒకటి. క్లెయిమ్ ఏమిటో మాత్రం చదివి వ్యాసం మూసేయండి. ఇరవై నిమిషాలు మీరే వెతకండి. ఆ తర్వాత వ్యాసం తెరిచి పోల్చుకోండి.

విజయవాడ బుడమేరు వరద అంటూ ఒక వీడియో తిరిగిందనుకుందాం. సరిగ్గా చేసిన ఫ్యాక్ట్‌చెక్‌లో ఇవన్నీ ఉంటాయి: తిరుగుతున్న పోస్టు లింకు, అది చెరిపేసినా దొరికేలా ఆర్కైవ్ లింకు, ఫ్రేములు విడదీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్ (బొమ్మనే పెట్టి వెతకడం) చేస్తే దొరికిన పాత వీడియో, అది ఎక్కించిన తేదీ, అది ఏ ఊరిదో చెప్పే గుర్తు (దుకాణం బోర్డు, బస్సు నంబరు ప్లేటు, వంతెన ఆకారం లాంటిది). మీరు అదే దారిన నడిచి అదే చోటికి చేరగలిగితే ఆ వ్యాసం గట్టిది. దారి చెప్పకుండా "మా పరిశీలనలో ఇది పాతదని తేలింది" అని ఊరుకుంటే, తీర్పు నిజమే అయినా, మార్కులు తగ్గించండి.

తిరిగి చేస్తున్నప్పుడు నాకు ఎక్కువగా తగిలే లోపాలు ఇవి.

క్లెయిమ్‌ని పెంచి కొట్టడం. పోస్టులో "ఈ పథకం డబ్బు చాలామంది అనర్హులకి వెళ్లింది" అని ఉంటుంది. ఫ్యాక్ట్‌చెక్‌లో అది "ఈ పథకంలో లబ్ధిదారులంతా అనర్హులే" అయిపోతుంది. రెండోదాన్ని అబద్ధమని నిరూపించడం చిటికెలో పని. అసలు పోస్టు మాటల్ని, వ్యాసంలోని క్లెయిమ్ వాక్యాన్ని పక్కపక్కన రాసుకుని మాట మాటా పోల్చండి. పక్షపాతం ఎక్కువగా దాక్కునేది తీర్పులో కాదు, ఈ వాక్యంలోనే.

అధికారి ఖండించాడు కాబట్టి అబద్ధం. "దీనిపై జిల్లా అధికారులను సంప్రదించగా అందులో నిజం లేదన్నారు" అన్నదొక్కటే ఆధారమైతే అది ఫ్యాక్ట్‌చెక్ అనిపించుకోదు. ఖండన వార్త అంతే. ఆరోపణ ఆ ఆఫీసు మీదే అయినప్పుడు మరీ పనికిరాదు.

దొరకలేదు కాబట్టి జరగలేదు. గూగుల్‌లో వెతికితే ఏ వార్తా కనిపించకపోవడం మండల స్థాయి సంఘటనకి పెద్ద రుజువేమీ కాదు. నిజాయతీగా రాసేవాళ్లు అక్కడ "నిర్ధారించలేకపోయాం" అంటారు.

ఏఐ డిటెక్టర్‌ని దేవుణ్ణి చేయడం. ఒక టూల్ ఇన్ని శాతం కృత్రిమం అంది కాబట్టి ఆడియో నకిలీ అని తేల్చేస్తారు. తెలుగు గొంతుల మీద, వాట్సాప్‌లో నాలుగుసార్లు నలిగిన ఆడియో మీద ఆ టూళ్లు తప్పటడుగులేస్తాయి. రెండు మూడు టూళ్ల ఫలితాలు, వాటితో పాటు ఒక నిపుణుడి మాట, అసలు రికార్డింగ్ కోసం చేసిన ప్రయత్నం ఉన్నాయా చూడండి.

జోస్యానికి మార్కులు వేయడం. అమెరికాలో పాలిటిఫ్యాక్ట్ అనే ఫ్యాక్ట్‌చెక్ సంస్థ సంగతి దీనికి మంచి పాఠం. "మీ ఆరోగ్య బీమా మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు" అన్న ఒబామా హామీని 2008లో నిజం అంది, తర్వాత సగం నిజం అంది, 2013లో ఆ ఏటి అతిపెద్ద అబద్ధంగా ఎంచింది. ఇంకా జరగని దానికి నిజమనో అబద్ధమనో ముద్ర వేస్తే జరిగేది ఇదే. మీ శాంపిల్‌లో హామీలకీ అంచనాలకీ అభిప్రాయాలకీ రేటింగులు ఇచ్చిన వ్యాసాలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

## 7. మొగ్గు ఎటుందో చూడటం

"వాళ్ల మీద ఎన్ని, వీళ్ల మీద ఎన్ని" అని లెక్కపెట్టడం అందరూ చేసే పని. లెక్కపెట్టండి, కానీ దానితో ఏమీ తేల్చకండి. రెండు పార్టీలూ సమానంగా అబద్ధాలాడతాయన్న హామీ ఎవరిచ్చారు? అధికారంలో ఉన్నవాళ్ల గురించి క్లెయిములు సహజంగానే ఎక్కువ. సోషల్ మీడియా సైన్యం పెద్దదైన పార్టీ నుంచి ఫార్వర్డులూ ఎక్కువే. చెరో పది అని సమంగా పంచే సంస్థ ఉంటే నాకు దానిమీదే అనుమానం ఎక్కువ.

అంతకంటే గట్టి పరీక్షలు మూడున్నాయి.

జత పరీక్ష. ఒకే తరహా క్లెయిములు, రెండు వేర్వేరు పక్షాల నుంచి వచ్చినవి వెతకండి. ఒక పార్టీ సభకి వేరే సభ ఫోటో వాడుకుంది, రెండో పార్టీ కూడా అదే పని చేసింది. ఒకరిది "అబద్ధం", మరొకరిది "తప్పుదోవ పట్టించేలా ఉంది" అయిందా? ఒకరి పేరు శీర్షికలో ఉండి, మరొకరిది "ఓ పార్టీ కార్యకర్తలు" అయిందా? మూడు నాలుగు జతలు దొరికితే చాలు, చిత్రం స్పష్టమవుతుంది.

మాటల పరీక్ష. వ్యాసంలోంచి పేర్లు, పార్టీలు కొట్టేసి ఎవరికైనా చదవమనండి. ఎవరి గురించో తెలియకుండానే రాసినవాడికి ఎవరంటే పడదో చెప్పగలిగితే మాటల్లో మొగ్గు ఉన్నట్టే. "అక్కసు", "గోబెల్స్ ప్రచారం", "అభాసుపాలు" లాంటి మాటలకి ఫ్యాక్ట్‌చెక్‌లో పనిలేదు.

వదిలేసిన వాటి పరీక్ష. సంస్థ రాసినవి కనిపిస్తాయి, రాయనివి కనిపించవు. మీరు ఎంచుకున్న వారాల్లో మిగతా సంస్థలు ఏమేం పరిశీలించాయో గూగుల్ ఫ్యాక్ట్‌చెక్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతకండి, తెలుగులో కొట్టినా ఫలితాలొస్తాయి. మూడు నాలుగు సంస్థలు రాసిన పెద్ద క్లెయిమ్‌ని ఇది ముట్టుకోలేదంటే షీటులో రాసుకోండి. ఒకటి రెండుంటే చిన్న బృందం, మనుషులు చాలలేదు అనుకోవచ్చు. వదిలేసినవన్నీ ఒకే పార్టీకి ఇబ్బంది కలిగించేవైతే అది యాదృచ్ఛికం కాదు.

సంస్థలు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తాయా అన్న దానిమీద పరిశోధనలు రెండు గుర్తుంచుకోదగ్గవి, రెండూ అమెరికావే. పాలిటిఫ్యాక్ట్, వాషింగ్టన్ పోస్ట్ ఫ్యాక్ట్‌చెకర్ రేటింగులు పోల్చిన 2018 అధ్యయనంలో తేటతెల్లమైన నిజాలు, అబద్ధాల దగ్గర పొంతన కుదిరింది, మధ్యలో బూడిదరంగు మాటల దగ్గర బాగా చెడింది. పాలిటిఫ్యాక్ట్, స్నోప్స్ (అదీ అమెరికా ఫ్యాక్ట్‌చెక్ సంస్థే) రెండూ పరిశీలించిన 749 క్లెయిముల్ని పోల్చిన 2023 అధ్యయనంలో, రేటింగు పేర్ల తేడాలు సర్దాక, పూర్తిగా ఎదురెదురు తీర్పులు ఒక్కదానిలోనే కనిపించాయి. దీన్నిబట్టి మీరు తీసుకోవాల్సింది: "సగం నిజం", "కొంత తప్పు" లాంటి మధ్య రేటింగుల మీదే మీ భూతద్దం పెట్టండి. పాత ఫోటో పాతదే అని చెప్పడంలో ఎవరూ పక్షపాతం చూపించలేరు.

## 8. తప్పు చేస్తే ఏం చేస్తారు

రోజూ రాసే ఏ సంస్థయినా తప్పు చేస్తుంది. సవరణల పేజీలో ఏళ్ల తరబడి ఏమీ లేకపోతే అది గొప్పతనం కాదు, దాపరికం అయ్యే అవకాశమే ఎక్కువ.

సైటులో సవరణల పేజీ వెతకండి. తర్వాత నాలుగైదు వ్యాసాల పాత రూపాల్ని వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైటు) తెరిచి నేటి రూపంతో పోల్చండి. శీర్షికో రేటింగో మారి, మారినట్టు కింద ఒక్క ముక్క లేకపోతే అది చెప్పకుండా చేసిన దిద్దుబాటు. నా లెక్కలో మొత్తం పరీక్షలో ఇదే అతిపెద్ద మైనస్.

మంచి దిద్దుబాటు ఎలా ఉంటుందో చూడాలంటే: కరోనా వైరస్‌ని ల్యాబ్‌లో తయారుచేశారన్న వాదనని 2020 సెప్టెంబరులో తప్పని తేల్చిన వ్యాసాన్ని, విషయం ఇంకా వివాదంలోనే ఉందని ఒప్పుకుంటూ, 2021 మేలో పాలిటిఫ్యాక్ట్ వెనక్కి తీసుకుంది. పాత వ్యాసాన్ని మాయం చేయలేదు, నోటు పెట్టి భద్రపరిచింది. 2021లోనే స్నోప్స్ సహ వ్యవస్థాపకుడు వేరే పత్రికల వార్తలు కాపీ కొట్టిన సంగతి బయటపడితే ఆ సంస్థ 60 వ్యాసాల్ని వెనక్కి తీసుకుని, ఆయన్ని సంపాదకీయ పనుల నుంచి తప్పించింది. తప్పు పెద్దదే. బయటివాళ్లు పట్టుకునేదాకా తెలియకపోవడం ఇంకా పెద్దది. అయినా దిద్దుకున్న తీరు అందరికీ కనిపించేలా జరిగింది.

మీరే ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. ఐదింటిని మళ్లీ చేసినప్పుడు దొరికిన లోపం, తేదీ తప్పు లాంటి చిన్నదైనా సరే, ఆధారంతో సహా ఈమెయిల్ చేయండి. మర్యాదగా, నాలుగు వాక్యాల్లో. పది రోజులు ఆగండి. జవాబు వచ్చిందా, వ్యాసం మారిందా, మారితే నోటు పెట్టారా అన్నది షీటులో రాయండి.

## 9. తరచూ చేసే పొరపాట్లు, వాటికి విరుగుడు

*"వాళ్లని అరెస్టు చేశారు, అంటే ఏదో ఉంది" లేదా "అరెస్టు చేశారు, అంటే నిజాయతీపరులే".* ఆల్ట్ న్యూస్ సహ వ్యవస్థాపకుడు మొహమ్మద్ జుబేర్‌ని 2022 జూన్‌లో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు, జూలైలో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. ఆ కేసుని బట్టి సంస్థ వ్యాసాల నాణ్యత మీద ఎటువైపూ తేల్చకండి. మళ్లీ వ్యాసాల దగ్గరికే రండి. అవార్డులదీ ఇదే కథ.

*ఉద్యోగి వ్యక్తిగత పోస్టు చూసి సంస్థని కొట్టేయడం.* పోస్టు పెట్టినాయన రాసిన వ్యాసాలు మీ శాంపిల్‌లో ఉంటే వాటిని విడిగా తీసి, మిగతావాళ్ల వాటితో పోల్చండి. తేడా ఉంటేనే మాట్లాడండి.

*ఒక్క తప్పుతో జీవితకాల నిషేధం.* తప్పుల సంఖ్య కాకుండా తప్పుల దిశ చూడండి. నాలుగు తప్పులు నాలుగు దిక్కులకి ఉంటే అది తొందర. నాలుగూ ఒకే దిక్కుకి వాలితే మొగ్గు.

*సంస్థల పక్షపాతానికి రేటింగులిచ్చే సైట్ల మీద ఆధారపడటం.* అవి ఎక్కువగా ఇంగ్లిషు విభాగాన్ని చూసి, అమెరికా కుడి ఎడమల కొలతతో కొలుస్తాయి. మన రాష్ట్రాల్లో ప్రాంతీయ పార్టీల మధ్య పోరుకి ఆ కొలత అతకదు.

## 10. తేల్చింది రాసిపెట్టుకోవడం

నూటికి ఇన్ని అని మార్కు వేయకండి, ఆ అంకె మీద మళ్లీ వాట్సాప్‌లో కొట్లాట తప్ప ప్రయోజనం లేదు. విషయాలవారీగా ఒక్కో వాక్యం రాయండి. "వైరల్ వీడియోల్లో దారి చూపించి రాస్తుంది, కళ్లు మూసుకుని పంపొచ్చు. ప్రభుత్వ లెక్కల్లో ఒకే శాఖ మాట మీద ఆధారపడుతుంది, మరోటి చూడాలి." ఇలా.

రాసేముందు ఒకసారి సరిచూసుకోండి:

- యజమానులు, డైరెక్టర్ల పేర్లు దొరికాయా
- పెద్ద దాతల పేర్లు సైటులో ఉన్నాయా
- ఐఎఫ్‌సీఎన్ నివేదిక చదివారా, లోగో చూసి ఆగిపోయారా
- ముప్ఫై వ్యాసాలు మూడు రకాల వారాల నుంచి తీసుకున్నారా
- ఐదింటిని మీ చేత్తో మళ్లీ చేశారా
- కనీసం మూడు జతలు పోల్చారా
- పాత రూపాలతో దిద్దుబాట్లు సరిచూశారా
- మీ మొగ్గు గురించి రాసుకున్న రెండు వాక్యాలు మళ్లీ చదివారా

ఈ లెక్క కలకాలం నిలవదు. యాజమాన్యం మారినా, సంపాదకుడు మారినా, రాష్ట్రంలో ప్రభుత్వం మారినా మళ్లీ పది వ్యాసాలు తీసి చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు, ఆంధ్రలో 2024 జూన్ అందుకు తయారుగా ఉన్న గీతలు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఒక పార్టీ మాటల్ని "అబద్ధం" అన్న సంస్థ, అదే పార్టీ గద్దెనెక్కాక అలాంటి మాటల్నే ఏమంటోందో గీతకి అటూ ఇటూ పెట్టి చూడొచ్చు. పాత షీటు చెరపకండి. కొత్తది దాని పక్క ట్యాబ్‌లోనే తెరవండి.